దమ్మున్న చిన్న కారు

మా ఆయన కారు కొంటానన్న ఏడు సిద్దిపేటలో సొంత కార్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉండేవి. తొంభైల చివర అది. డాక్టర్లకూ రైసు మిల్లుల వాళ్లకూ పాత అంబాసిడర్లు ఉండేవి, మిగతా ఊరంతా స్కూటర్లు, జీపులు. సరిగ్గా అప్పుడే కొత్త రకం చిన్న కార్లు ఒకదాని వెనక ఒకటి దిగాయి. వాటికి వెనక డిక్కీ ఉండదు, ఏకంగా తలుపే. పేపర్లో సగం పేజీ ప్రకటన వచ్చిందంటే మా ఆయన దాన్ని పైకి చదివేవాడు, నేను బియ్యం ఏరుతూ వినేదాన్ని.

మా ఆయన సౌదీలో డ్రైవర్. మొదట తోట పనికి పోయాడు. పనితనం చూసి అక్కడి యజమానికి నమ్మకం కుదిరి, కారు నేర్పించి, తన పిల్లలను బడికి దింపే పనిలో పెట్టుకున్నాడు. అప్పటినుంచి మా వాడలో ఆయన అసలు పేరు మరుగున పడి డ్రైవర్ సాబ్ అయ్యాడు. రెండేళ్లకోసారి సెలవు దొరికి చుట్టీ మీద వచ్చినప్పుడు ఫొటోలు తెచ్చేవాడు. ఓడంత తెల్ల కారు, పక్కన ఈయన. ఆ కారు బోనెట్ మీద మా ఇంటి మంచం వేసుకోవచ్చు. వాడకట్టు వాళ్లంతా వచ్చి ఆ ఫొటోలు చూసి, చాయ్ తాగి పోయేవాళ్లు.

ఆసారి మాత్రం వచ్చిన వారానికే ఒక మాట అన్నాడు.

"ఇగ పోవుడు బందు జేద్దామనుకుంటున్న. ఈడనే బండి కొని కిరాయికి నడుపుత. దవాఖానకని హైద్రాబాద్ పోయేటోళ్లున్నరు, పెండ్లిళ్లోళ్లున్నరు, గిరాకీకి కొదవ లేదు. గాని బండిల దమ్ముండాలె. మంచిది దొరికితె ఉంట, దొరకకుంటె పోత."

తిరుగు టికెట్టు బీరువాలో నా చీరల కింద ఉంది. కాబట్టి బండి దొరకడం మా ఇంట్లో ఎవరికీ చిన్న సంగతి కాదు. పెళ్లయినప్పటినుంచి నేను ఆయనతో గడిపిన రోజులన్నీ కూడినా రెండేళ్లు నిండవు. మాకు పోట్లాడుకోవడానికి కూడా తీరిక దొరికేది కాదు, మొదలుపెట్టేసరికి ఆయన విమానం ఎక్కే రోజు వచ్చేసేది. మా బిడ్డ అప్పటికి నాలుగో తరగతి. తండ్రి తువ్వాల ముట్టుకోవాలన్నా నన్ను అడిగేది, ఇంటికొచ్చిన చుట్టం సామాను అన్నట్టు. ఆయన ఉండిపోవాలని నాకు ఎంత ఉండేదో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు. నేను మొక్కని దేవుడు లేడు.

ఆయన షరతులు ఎక్కువేమీ కావు. ధర మా చేతికి అందాలి, అంటే డిక్కీ ఉన్న కార్ల వైపు చూడనక్కర్లేదు. పాత బండి వద్దు. హైదరాబాద్ రోడ్డు మీద లారీని దాటేటప్పుడు కాలు వేస్తే ముందుకు దూకాలి. ఇంటిల్లిపాదీ ఎక్కి, ఏసీ వేసినా ఊరి చెరువు కట్ట మీదికి ఎక్కాలి. కట్ట ఎక్కే దారి ఆ రోజుల్లో బాగా నిటారుగా ఉండేది, బండి ఎడ్లు కూడా అక్కడ ఒక్క క్షణం ఆగి ఊపిరి పీల్చుకునేవి.

మొదటి కారును కంపెనీ వాళ్లే సిద్దిపేటకు తెచ్చారు. బస్టాండు దగ్గరి మైదానంలో షామియానా వేసి, కారుకు బంతిపూల దండ వేసి నిలబెట్టారు. మా అత్త దాని చుట్టూ ఒకసారి తిరిగి వెనక్కి వచ్చి ఆగిపోయింది.

"ఎనకాల గిట్ల కోసేసిన్రేందిరా కొడుకా? తోక పీకిన కోడి లెక్కున్నది."

టై కట్టుకున్న సేల్స్ అబ్బాయి "దీన్ని హ్యాచ్‌బ్యాక్ అంటారమ్మా" అన్నాడు.

"ఏ బ్యాకన్న కానియ్యి గాని, పెండ్లోళ్లు మూటలేడ పెట్టుకోవాలె?"

ఆ అబ్బాయి వెనక తలుపెత్తి జాగ చూపించాడు. మా అత్త అందులో చెయ్యి పెట్టి మూరలతో కొలిచింది. సౌదీ డ్రైవర్ అని చెప్పగానే లైసెన్సు కూడా అడక్కుండా మా ఆయన చేతికి తాళం ఇచ్చారు. ఆయన పోయి పోయి ఎడమ పక్క తలుపు తీశాడు. "ఆడ స్టీరింగ్ గీ దిక్కుంటది" అని నవ్వుతూ ఇటు వచ్చి కూర్చున్నాడు. సేల్స్ అబ్బాయి ఆయన పక్కన, అత్త, బిడ్డ, నేను వెనక. నా మనసు గాలిలో తేలుతోంది. మెదక్ రోడ్డు మీద కాసేపు బాగానే పోయింది. చెరువు కట్ట ఎక్కడం మొదలుపెట్టామో లేదో, ఇంజను మూలిగింది, కారంతా వణికింది, సగం దారిలో ఠక్కున ఆగిపోయి వెనక్కి జారింది. అబ్బాయి హ్యాండ్ బ్రేకు లాగాడు. మా అత్త మల్లన్న దేవుణ్ని తలుచుకుంది.

మా ఆయన దిగి తలుపు వేసి, "దమ్ము లేదు" అన్నాడు.

తర్వాత హైదరాబాద్ పోయి ఇంకొకటి చూశాం. అది పొడుగ్గా ఉంది, తలపాగా తీయకుండా కూర్చోవచ్చు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు అదీ మూలిగింది, అదీ ఆగింది. వెనక బస్సులు, ఆటోలు గోల. "దీంట్ల గూడ దమ్ము లేదు" అన్నాడు. బస్సులో తిరిగి వస్తూ దారంతా ఆ తెల్ల ఓడ సంగతే చెప్పాడు. అది ఇసుక దిబ్బ ఎక్కినా తెలిసేది కాదట. ఇక్కడి కార్లన్నీ డబ్బాలట. నాకు లోపల మంట మొదలైంది. ఈయనకు ఉండాలని లేదు, వంక కోసం తిరుగుతున్నాడు అనుకున్నాను. ఆ రాత్రి అన్నం గిన్నె కొంచెం గట్టిగానే పెట్టాను.

మూడోది గుండ్రంగా, ముద్దుగా ఉంది. అదే ఫ్లైఓవర్, అదే మూలుగు. నడుమ ఆగిపోయాక, వెనక ట్రాఫిక్ ఆగిందని కంగారుపడి సేల్స్‌మన్ తాను నడుపుతానని సీటు మారాడు. మేమందరం అట్లాగే కూర్చున్నాం. మెల్లగా దాటించి అవతల దింపి, తిప్పుకొని వచ్చి, మళ్లీ అదే ఎత్తు ఎక్కించాడు. కారు హాయిగా ఎక్కింది. వెనక సీటు మధ్యలో కూర్చున్న నాకు అతని చెయ్యి కనిపించింది. ఎత్తు మొదలు కాగానే గేరు రాడ్డు మీదికి పోయింది, ఒకసారి, ఇంకోసారి. ఇంజను గొంతు మారింది.

ఆ గొంతు నాకు బాగా తెలుసు. నేను చింతమడక అంగన్‌వాడీలో పనిచేసేదాన్ని. రోజూ బస్సు ప్రయాణం. ఆడవాళ్ల సీట్లు ముందు కాబట్టి డ్రైవర్ దగ్గరే, గేరు రాడ్డుకు ఎదురుగా కూర్చునేదాన్ని. ఎత్తు వచ్చిందంటే డ్రైవర్ ఎడమ కాలూ ఎడమ చెయ్యీ కలిసి కదిలేవి, గేరు తగ్గేది, బస్సు గట్టిగా అరుస్తూ ఎక్కేది. నాకు నడపడం రాదు కానీ ఆ వరుస అంతా కంఠతా వచ్చు.

అప్పుడు గుర్తొచ్చింది. మూడు కార్లలోనూ మా ఆయన చదునులో ఎట్లాగో నాలుగో గేరు దాకా పోయి, ఇక ఎడమ చెయ్యి తొడ మీద పెట్టుకునేవాడు. ఎత్తు వచ్చినా ఆ చెయ్యి లేచేది కాదు. సౌదీలో ఆయన నడిపినవన్నీ ఒకసారి గేరు వేసి మరిచిపోయే కార్లు. వాటికి క్లచ్ ఉండదని ఆయనే ఎన్నిసార్లో గొప్పగా చెప్పాడు. తోట పనికి పోయినవాడు అక్కడే నేర్చుకున్నాడు. అంటే మా డ్రైవర్ సాబ్ ఈ మూడు కార్లకు ముందు పుట్టి బుద్ధెరిగి క్లచ్ ఉన్న బండి నడపలేదు.

ఆడలేక మద్దెల ఓడన్నాడట. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. నాకు మామూలుగా వచ్చిన మాట ఆగదు, మా అత్తనడిగినా చెబుతుంది. కానీ ఆరోజు మింగేశాను. ఈ మాట అంటే ఆయన తలదించుకొని మర్నాడే టికెట్టు బయటికి తీస్తాడు. వాడంతా డ్రైవర్ సాబ్ అని పిలిచే మనిషి, ఎర్ర ఎల్ అక్షరం రాసిన బండిలో నేర్చుకోవడానికి సిద్దిపేట బజారులో ఎట్లా కూర్చుంటాడు? ప్రాణం పోయినా కూర్చోడు.

అందుకని నేను కూర్చున్నాను.

"నేను కారు నేర్చుకుంట" అని ఇంట్లో చెప్పాను. మా ఆయన నోట్లో ముద్ద ఆగింది. మా అత్త అయితే అగ్గి మీద గుగ్గిలం అయింది.

"ఏందే, పరాయి మొగోని పక్కన గూసొని ఊరంత తిరుగుతవా?"

నేను ఎదురుచూసింది కూడా ఆ మాట కోసమే. "అట్లయితె నీ కొడుకును నా ఎంట తోలు అత్తమ్మా. ఎనక సీట్ల గూసుంటడు."

మా అత్తకు ఇది న్యాయంగా తోచింది. అమ్మ మాట కొట్టేయడం మా ఆయనకు చేతకాదు.

డ్రైవింగ్ స్కూలు మాస్టారు ముసలి సాయిబు. ఎప్పుడూ పాన్ నములుతూ, తెలుగూ ఉర్దూ కలిపి చెప్పేవాడు. పాత కారు, మాస్టారు కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్. నేను స్టీరింగ్ ముందు, ఆయన పక్కన, మా ఆయన వెనక కాపలా. మొదటి రోజు కారు కప్పలా గెంతింది. రోడ్డు పక్కన జనం నిలబడి చూశారు, కొందరు నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. నేర్చుకోవాలన్న కోరిక నిజానికి నాకు ముందు లేదు, రెండు రోజులయ్యాక వచ్చింది.

తెలియని ప్రశ్నలన్నీ నేనే అడిగేదాన్ని, తెలిసినవి కూడా అడిగేదాన్ని. ఎత్తును మాస్టారు చడావు అనేవాడు, నేనూ అదే మాట వాడేదాన్ని.

"చడావొస్తె ఏం జెయ్యాలె మాస్టరూ?"

"చడావ్ ఆనేకే పహిలేచ్, రాకముందే, గేర్ తగ్గించాలె బేటీ. నాలుగుల ఉంటె మూడుకు, మూడుల ఉంటె రెండుకు. బండి జబర్దస్తీ ఎక్కదు, అడిగితె ఎక్కుతది."

"ఇంకోపారి జెప్పున్రి, నాకు ఎక్కలే."

మాస్టారు ఓపికగా మళ్లీ చెప్పేవాడు. నేను అద్దంలోంచి వెనక్కి చూసేదాన్ని. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు ఉండేవాడు. కానీ నేను క్లచ్ తొక్కినప్పుడల్లా ఆయన ఎడమ మోకాలు చిన్నగా కదిలేది. అది చూసి నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

ఒకరోజు చెరువు కట్ట దారికి తీసుకుపోయారు. నాకు అప్పటికి ఎక్కించడం వచ్చు. అయినా కింద ఆపేసి, భయం నటించి, "నాకు బుగులైతుంది, నువ్వు రా ముందటికి" అన్నాను మా ఆయనతో. ఆయన దిగి వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. రెండుసార్లు బండి ఆగింది. మాస్టారు పాన్ నమలడం ఆపలేదు, ఏమీ అడగలేదు. మూడోసారి ఎక్కింది. మర్నాటినుంచి మా ఆయన, "నీకు చడావు రాదు గదా, కట్టదాంక నేనే నడుపుత" అని తానే స్టీరింగ్ అందుకోవడం మొదలుపెట్టాడు. లైసెన్సులు కూడా మాస్టారే ఇద్దరికీ ఇప్పించాడు.

ఇక ఆయనే అన్నాడు ఒకనాడు, "ఆ మొదటి బండి ఇంకోపారి చూద్దాం. ఆ దినం ఇంజను మంచిగ ఏడి కాలేదనుకుంట."

"కాకపోవచ్చు" అన్నాను.

ఆ కారే కొన్నాం. తెల్లది. టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, మా అత్త వెనక తలుపుకు కూడా పసుపు రాసి, అందరం ఎక్కి చెరువు కట్టకు పోయాం. ఏసీ వేశాడు. ఎత్తు మొదలయ్యే ముందే ఆయన చెయ్యి గేరు మీదికి పోయింది. కారు గొంతు మార్చుకొని పైదాకా ఎక్కింది.

"దమ్మున్నది దీంట్ల" అన్నాడు మా ఆయన.

"ఆ దినం లేని దమ్ము ఇయ్యాల ఏడికెల్లి వచ్చిందిరా?" అంది మా అత్త.

మా ఆయన బండి ఆపి హ్యాండ్ బ్రేకు వేశాడు. పైన మక్కకంకులు కాల్చి అమ్ముతున్నారు. బిడ్డ మారాం చేస్తే మా అత్త దాన్ని తీసుకొని దిగింది. కారులో మేమిద్దరమే మిగిలాం. ఆయన స్టీరింగ్ మీంచి చేతులు తీయలేదు.

"నీకు ఎప్పుడు ఎరుకైంది?" అని అడిగాడు.

"హైద్రాబాద్‌ల. నీకు?"

"మొదటి దినమే. కాలు ఒకటంటె చెయ్యి ఒకటంటది. అందరు డ్రైవర్ సాబ్, డ్రైవర్ సాబ్ అనవట్టె. రాదని ఎట్ల జెప్పాలె?"

అన్ని రోజులు మింగినదంతా అప్పుడు బయటికొచ్చింది. "అందరికి జెప్పకు. నాకు జెప్పద్దా? రాదని ఒక్క మాట జెప్పుడు కంటె, మమ్ముల ఇడిశిపెట్టి పోవుడే నీకు సులువుగ అనిపించిందా?"

ఆయన చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అనిపించింది" అన్నాడు.

అబద్ధం చెబుతాడేమో అనుకున్నాను, చెప్పలేదు. నాకు ఎంత కోపం వచ్చిందో అంత మెత్తబడ్డాను కూడా. ఈలోగా బిడ్డ కంకి కొరుకుతూ పరిగెత్తుకొచ్చి, నన్ను అడగకుండానే ముందు సీట్లోకి దూరి, ఆయన మెడలోని కొత్త తువ్వాల లాక్కొని చేతులు తుడుచుకుంది.

"బాపూ, ఇంకోపారి కిందికి పోయి ఎక్కుదాం" అంది.

ఆయన నా వైపు చూశాడు. "నడుపు" అన్నాను. మా అత్త కూడా వచ్చి ఎక్కాక, బండి తిప్పి, రెండో గేరులో మెల్లగా దించాడు.