ఆపకూడని ఇంజిన్

మా సెక్షన్‌లో రైళ్లన్నీ కరెంటు మీద నడవడం మొదలయ్యాక, నా సర్వీసులోని చివరి వేసవిలో, నన్ను హిందూపురంలో ఒక పాత డీజిల్ ఇంజిన్ మీద లోకో పైలట్‌గా వేశారు. యార్డులో గూడ్స్ వ్యాగన్లను అటూ ఇటూ మార్చడం, కరెంటు పోయి ఆగిన రైలును లాక్కురావడం దాని పని. నల్లటి పొగ, చెవులు దిబ్బళ్లు పడే మోత. అందరూ దాన్ని ముసలిది అనేవారు. నేనూ అనేవాణ్ణి, కాకపోతే ముద్దుగా.

దాంతో ఒకటే చిక్కు. బ్యాటరీలు బాగా నీరసించాయి. ఒకసారి ఆపితే మళ్లీ స్టార్టు చేయడం గగనం. షెడ్డు వాళ్లు కొత్తవి పంపేదాకా ఆపకుండానే ఉంచాం.

ఒక మధ్యాహ్నం పెనుకొండ దాటాక పట్టాల పైనుండే కరెంటు తీగ తెగి, ధర్మవరం నుంచి వస్తున్న ప్యాసింజరు ఎండలో నిలిచిపోయింది. స్టేషన్ మాస్టర్ రాసిచ్చిన అనుమతితో ఎదురెళ్లి దాని ముందు మా ఇంజిన్ తగిలించాం. బ్రేకులు చూసుకోవడానికి నేను కిందికి దిగానో లేదో, మోత ఆగిపోయింది. లోపలున్నది నా అసిస్టెంట్ లక్ష్మి. ముదిగుబ్బ అమ్మాయి, నేర్చుకున్నదంతా కరెంటు ఇంజిన్ల మీదే.

"యాల ఆపితివమ్మా?" అని అరిచాను.

"నిలిస్తే ఆపేసే కరెంటు బండి అలవాటు సార్, చెయ్యి దానంతటదే పోయిండాది."

ఆమె ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. సాయానికొచ్చిన ఇంజినే మొరాయిస్తే చార్జిషీటు తప్పదని ఇద్దరికీ తెలుసు. వెనక పెట్టెల్లో పిల్లలు నీళ్లకు ఏడుస్తున్నారు.

ఇంజిన్‌లో లైట్లు, ఫ్యాన్లు అన్నీ ఆపి బ్యాటరీకి కాస్త విశ్రాంతి ఇచ్చాం. ఇక మిగిలింది పాతకాలపు పద్ధతి. ఒకరు క్యాబ్‌లో స్టార్టు బటన్ నొక్కాలి, ఇంకొకరు ఇంజిన్ పక్కన నిలబడి, సిలిండర్లకు డీజిల్ వదిలే మీటను చేత్తో లాగి పట్టాలి. మీట దగ్గరికి లక్ష్మే వెళ్లింది. మొదటిసారి ఇంజిన్ మూలిగి ఆగింది. రెండోసారి "లాగమ్మా!" అని కేకేశాను. దగ్గింది, వణికింది, గుప్పున పొగ కక్కి అందుకుంది.

ఆ పొగంతా మొదటి పెట్టె కిటికీల్లోకే పోయింది. ఒక అవ్వ మొహం తుడుచుకుంటూ, "ఏమబ్బా, మాకు మసి పూసేదానికా వచ్చిండేది?" అని తగులుకుంది. తిట్లు తింటూ అంత సంతోషపడటం నా సర్వీసులో అదొక్కసారే. హిందూపురం దాకా మరి నిలపలేదు.

శిక్షణ చేతికి అలవాటు నేర్పుతుంది. ఇంజిన్ మారినప్పుడు ఆ చెయ్యి ఒక్క క్షణం ఆగడం కూడా నేర్చుకోవాలి. ఇప్పుడా డీజిల్‌కు లక్ష్మే పైలట్. మొన్న యార్డు పక్కగా పోతుంటే, కొత్త అసిస్టెంటుకు ఆమె చెబుతున్న మాట అంత మోతలోనూ వినబడింది.

"ఏదైనా ముట్టుకోప్పా. ఆపేటప్పుడు మాత్రం నన్ను అడుగు."