విప్పిన ఇంజన్ చప్పుడు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను ఆ ఊళ్లోనే ఒక ఇంజన్ల షెడ్డులో పనిచేసేవాణ్ణి. షెడ్డు మా ఉస్తాదుది. నాకు పని నేర్పిందీ ఆయనే. ఆ ఎండాకాలం ఓర్వకల్లు దగ్గరి పల్లె నుంచి రెండు సిలిండర్ల పెద్ద డీజిల్ ఇంజన్ ఒకటి ఎద్దులబండి మీద వచ్చింది. బావి మీద పంపు తిప్పే ఇంజన్. తెచ్చిన రైతు తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, "మా అన్న దీని పక్కనే పోయినాడప్పా," అన్నాడు.

మిట్టమధ్యాహ్నం, ఇంజన్ ఆడుతుండగానే, అన్నకు గుండె ఆగిందట. దగ్గర ఎవరూ లేరు. బావి అడుగంటి పంపు నీళ్లెత్తడం మానేసింది. ఇంజన్‌ను చల్లబరిచేది ఆ నీళ్లే. అది కాగి కాగి, పిస్టన్లు పట్టేసి, తనంతట తానే ఆగిపోయింది. చప్పుడు ఆగిందని ఇంట్లోవాళ్లు పరుగెత్తుకొచ్చేసరికి మనిషి చల్లబడి ఉన్నాడు, ఇంజన్ మాత్రం చెయ్యి పెట్టనివ్వలేదు.

ఇంజన్ పైమూత, హెడ్డు, విప్పి పిస్టన్లు బయటికి తీశాం. పిస్టన్ ఆడే ఇనుప గొట్టాన్ని మేం లైనర్ అంటాం. రెండు లైనర్ల నిండా నిలువు గీతలు, లోపలి నుంచి ఎవరో గోళ్లతో గీరినట్టు. వేలితో తడిమి వెంటనే తీసేశాను. ఎందుకో చెప్పలేను. కనెక్టింగ్ రాడ్ల పైకొసన పిన్ను కూర్చునే కంచు బుష్షులు ఉంటాయి. వాటిలో ఒకటి అరిగి కోలగా అయ్యింది. పిన్ను దూర్చి ఊపితే టక్కుమంది.

"ఇది శానా దినాల నుంచి కొట్టుకుంటాండాది," అన్నాడు ఉస్తాదు.

పాత లైనర్లు లాగేసి, బ్లాకు లోపలి తుప్పు గీకుతున్న రోజున, చనిపోయినాయన భార్య మరిదిని వెంటబెట్టుకుని వచ్చింది. ఇంకా వయసులో ఉన్న మనిషి. ముక్కలుగా పరిచి ఉన్న ఇంజన్ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఇదంతా ఈడనే ఉండాది గదా నాయనా?"

"ఈడనే తల్లీ. ఏమి?" అన్నాడు ఉస్తాదు.

"మధ్యాన్నం పూట బావికాడ ఆడతాండాది. నాకు వినపడతాండాది."

మరిది తల వంచుకున్నాడు. ఉస్తాదు నెమ్మదిగా, "గుట్టలు గదమ్మా. యాడనో ఆడే ఇంజన్ చప్పుడు రాళ్లకు తగిలి వస్తుంటాది," అన్నాడు.

"వేరేది కాదు. నడమ నడమ టక్కుమంటాండాది. మాదొక్కటే అట్లంటాది."

అరిగిన బుష్షు నా ముందు బల్ల మీదే ఉంది. దాని సంగతి ఆమెకు ఎవరమూ చెప్పలేదు.

ఆ తర్వాత ఆ పని చేస్తున్నంతసేపూ నాకు తెలియకుండానే చెవి ఒగ్గి ఉండేవాణ్ణి. కొత్త లైనర్లకు రబ్బరు రింగులు తొడిగి, సబ్బునీళ్లు రాసి, వంకర పోకుండా నిలువుగా దించాం. రింగు మెలిపడితే నీళ్లు ఆయిల్లోకి దిగుతాయి. పైన చెక్కపలక పెట్టి, బోల్టు కొంచెం కొంచెం బిగిస్తూ కూర్చోబెట్టాం. కొత్త బుష్షుల రంధ్రాన్ని రాడ్డు ఆయిలు రంధ్రానికి సరిగ్గా ఎదురు పెట్టి వైస్‌లో నొక్కి, రీమర్ తిప్పి లోపల సరిచేశాను. నూనె రాసిన పిన్ను బొటనవేలితో నెడితే మెత్తగా దిగింది. ఊపి చూశాను. చప్పుడు లేదు. మళ్లీ ఊపాను.

"ఎన్నిమార్లు చూస్తావప్పా?" అన్నాడు ఉస్తాదు.

బిగించడానికి ఇద్దరం ఆ పల్లెకు వెళ్లాం. చుట్టూ నల్లరాతి గుట్టలు, గాలి కూడా లేని ఎండ. పునాది బోల్టులు బిగిస్తున్నాం. ఇంజన్‌లో ఇంకా డీజిలు పోయలేదు. అప్పుడు వినిపించింది. ముందు పొగగొట్టం ధ్వని, దూరంగా, దబదబమని. దాని నడుమ టక్కు, టక్కు. నా అరచెయ్యి ఇంజన్ బ్లాకు మీదే ఉంది. అందులో కదలిక లేదు. ఉస్తాదు పానా చేత్తో పట్టుకుని గుట్టల వైపే చూస్తున్నాడు. కాసేపటికి అది ఆగిపోయింది.

"బిగించు," అన్నాడు.

మా ఇంజన్ మొదటి తిప్పుకే అందుకుంది. కాలువలో నీళ్లు పడ్డాయి, మరిది మొహం వెలిగింది. ఆమె మాత్రం పొగగొట్టం దగ్గర తల వాల్చి విని, "టక్కుమనే ఆ పాతది మళ్లా ఎక్కియ్యను కాదా నాయనా?" అని అడిగింది.

"ఎక్కిస్తే రాడ్డు ఇరుగుతాది తల్లీ."

"ఆ టక్కు వినపడితే మనిషి బావికాడ ఉండాడని ధైర్యం. అది వింటానే సంగటి కెలికేదాన్ని."

ఉస్తాదు ఇంజన్ తిప్పే హ్యాండిల్ ఆమె చేతికిచ్చి, ఇంజన్ ఆపడం, మళ్లీ తిప్పి మొదలుపెట్టడం రెండూ అక్కడే నేర్పించాడు.

మరుసటి ఎండాకాలం ఆయిలు మార్చడానికి నేనొక్కణ్ణే వెళ్లాను. ఇంజన్ ఆమే నడుపుతోంది. కొంగు నడుముకు చుట్టింది, చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. మధ్యాహ్నం కాగానే ఇంజన్ ఆపి చింతచెట్టు నీడన కూర్చుంది. నేనూ కూర్చున్నాను. గుట్టల అవతల నుంచి దబదబమంటూ వచ్చింది. టక్కు, టక్కు. ఆమె నా మొహంలోకి చూసింది.

"వినపడెనా?"

"వినపడెనమ్మా."

"మేలు. నాకొక్కదానికే అనుకుంటి," అంది. అది ఆగిపోయేదాకా కూర్చుని, చేతులు కొంగుకు తుడుచుకుని, నేను నింపిన ఆయిలు ఎంతవరకు ఉందో తానే చూసుకోవడానికి లేచింది.