గట్టు కింద వదిలిన దుంగ

అది 1927. వానలు ఇవాళో రేపో దిగేలా ఉన్నాయి. అరకు కొండల నుంచి మైదానానికి దిగే ఘాటు రోడ్డు అడుగున ఉన్న పోలీసు స్టేషన్లో నేను రైటరుని, అంటే అక్కడి రాతపనంతా నాదే. బ్రేకు లేని బండి ఘాటు దిగకూడదని రూలు. దిగితే జప్తు.

ఒక ఉదయం మా కానిస్టేబుల్ ఒక ఎడ్లబండిని పట్టుకొచ్చి స్టేషన్ ఆవరణలో నిలిపాడు. దాన్ని తోలుకొచ్చింది కొండ మీద డుంబ్రిగుడ పక్క పల్లె మనిషి, బుద్రి. నడివయసుది.

“బాబూ, బండి ఇచ్చీండి. ఉప్పు ఎక్కించుకుని బేగి ఎల్లిపోవాల. వాన దిగితే దారి మూసుకుపోద్ది. మా ఊరందరికీ ఇదొక్కటే బండి. వానాకాలమంతా ఉప్పు లేకుండా ఏటి తింటాం?”

“బ్రేకు ఏదమ్మా?”

“ఉంది బాబూ. గట్టు కింద ఒగ్గీసినాను.”

బ్రేకును ఎవరైనా దారిలో వదిలేసి వస్తారా! నా చెవిలో పువ్వు పెడుతోందనుకుని మండిపడ్డాను. ఆవిడ మాత్రం ఓపిగ్గా చెప్పింది. దిగేటప్పుడు బండి వెనక తాడుతో పెద్ద దుంగ కడతారట. అది నేలను రాసుకుంటూ బండిని దూకనివ్వదట. కిందికి రాగానే విప్పి పక్కన పెడితే, కొండెక్కే బండివాళ్లు దాన్ని పైకి చేర్చి, దిగేవాళ్ల కోసం ఉంచుతారట.

“మరి ఆ దుంగ ఎవరిది?”

“ఎవులదీ కాదు. దారిది.”

సబ్‌ఇన్‌స్పెక్టరు గారు చూపించమన్నారు. ముగ్గురం ఘాటు మొదలయ్యే చోటికి, గట్టు కిందికి వెళ్లాం. అక్కడ దుంగా లేదు, గింగా లేదు! “ఏదే నీ బ్రేకు?” అని ఎకసెక్కమాడాను. ఆవిడ ముఖం మాత్రం వెలిగింది.

“ఎవులో పైకి అట్టుకెల్లినారు. మంచిదే. ఇంకోటి దిగుద్ది, కూకోండి బాబూ.”

మధ్యాహ్నానికి ఒక బండి దుంగను ఈడ్చుకుంటూ నెమ్మదిగా దిగింది. తోలేవాడెవరో బుద్రికి కూడా తెలియదు. దుంగ విప్పి పక్కన పెట్టి, మాకో దండం పెట్టి వెళ్లిపోయాడు. అరిగిన దుంగను చేత్తో తడిమి చూసి సబ్‌ఇన్‌స్పెక్టరు గారు, “బండి వదిలెయ్యవయ్యా. బ్రేకు ఉందని రాయి” అన్నారు.

సాయంత్రం ఉప్పు బస్తాలతో బుద్రి తిరిగొచ్చింది. మబ్బు కమ్ముకొస్తోంది. అయినా గట్టు కింద బండి ఆపి, నేను చూస్తుండగానే దుంగను బండిలోకి ఎత్తబోయింది.

“వానొస్తోంది, వెళ్లిపో తల్లీ. వెనకొచ్చేవాళ్లు తెస్తారులే” అన్నాను.

“ఎనకాల ఎవులూ నేరు బాబూ. రేపు దిగీవోడు ఏటి కట్టుకుంటాడు?”

నాకు సిగ్గేసింది. దుంగ రెండో కొస నేను పట్టాను. అబ్బో, ఏం బరువు! ముఖమైనా ఎరగని మనిషి కోసం ఇంత బరువు మోసేవాళ్లనా, బ్రేకు లేదని మేము ఆపింది!