నాయన వేసిన నల్లరంగు

పోయిన నెల మా కోడలి బలవంతం మీద, అరవయ్యో పడికి దగ్గరపడ్డాక మొట్టమొదటిసారిగా, అనంతపురంలో తలకు రంగు వేయించుకోవడానికి ఒక సెలూన్ మెట్లెక్కాను. నా ఈడు వాళ్ళకు తెలిసిందే, సెలూన్ అంటే మనకు మగవాళ్ళు క్షవరం చేయించుకునే చోటు. పదిహేనేళ్ళుగా నా తలకు నేనే ఇంట్లో రంగు వేసుకుంటున్నాను. కుళాయి నీళ్ళొచ్చే రోజు చూసుకుని, బాత్‌రూం గుమ్మం దగ్గర పాత పేపరు పరిచి, అరిగిపోయిన టూత్‌బ్రష్షుతో అద్దంలో కనిపించినంత మేర పూసుకుని, కనిపించని వెనక భాగాన్ని దేవుడికి వదిలేసి, రెండు బకెట్ల నీళ్ళతో కడుక్కుంటే, చెవుల మీదా నుదుటి మీదా మరకలు నాలుగు రోజులైనా పోయేవి కావు. సెలూన్‌లో పని అలా లేదు. జుట్టును పాయలు పాయలుగా విడదీసి, కుదుళ్ళకు ఒక లెక్కన, కొసలకు ఒక లెక్కన పూసి, గడియారం చూసి కడిగారు. ఒక్క మరక లేదు, వెనకా ముందూ ఒకటే రంగు. ఉన్నమాట చెప్పుకోవాలి, నా చేతి పని కంటే వాళ్ళ పని నూరుపాళ్ళు మెరుగు.

అయితే రంగు వేయడానికి రెండు రోజుల ముందే అక్కడి అమ్మాయి నా చెవి వెనక ఒక చుక్క పూసి, దురదా మంటా లేకపోతేనే రమ్మని, వచ్చే రోజు తల రుద్దుకోవద్దని, మాడు మీద కాస్త జిడ్డు ఉంటేనే మంచిదని చెప్పింది. ఆ మాట వినగానే నాకు ధర్మవరంలో మా ఇంటి పెరడు కళ్ళ ముందుకొచ్చింది. ఈ ముక్క ఆనాడు మా నాయనకు చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే బాగుండేది.

మా నాయన పట్టుకు రంగులు అద్దేవాడు. మగ్గాల వాళ్ళు తెచ్చిన పట్టుదారపు చుట్టలను, అంటే చిలపలను, ముందుగా సబ్బూ సోడా కలిపిన నీళ్ళలో ఉడికించి, దాని జిగురంతా వదలగొట్టి, ఆ తర్వాతే రంగు కాగులో ముంచేవాడు. ఆయన గోళ్ళు ఒకరోజు ఎర్రగా, ఒకరోజు పచ్చగా ఉండేవి. గోరంత గుడ్డముక్క చూపిస్తే చాలు, తేడా లేకుండా అదే రంగు దించేవాడు. తన రంగు వెలిసిపోయిందని ఒక్కరూ వెనక్కి తేలేదన్నది ఆయన గర్వం, దాన్ని దాచుకునేవాడు కూడా కాదు. పైగా నలభై అయిదేళ్ళ వయసులో ఆయన తల నల్లగా నిగనిగలాడుతూ ఉండేది. ఆయన కంటే ఆరేళ్ళు చిన్నదైన అమ్మ తల మాత్రం అప్పటికే పూర్తిగా తెల్లబడింది. అమ్మ వైపు వాళ్ళందరికీ బాలనెరుపు, మనిషి కూడా సన్నం, అందుకని ఇంకా పెద్దదానిలా కనిపించేది.

ఒకసారి ఇద్దరూ బత్తలపల్లెలో చుట్టాలింటికి వెళ్ళి తిరుగుబస్సు కోసం నిలబడి ఉంటే, ఉడకబెట్టిన చెనక్కాయలమ్మే ఒక పడుచుపిల్ల, కొంచెం దూరంలో ఉన్న నాయనను చూపించి, "అవ్వా, బస్సు వస్తాండాది, నీ కొడుకును బిరీన పిలుచుకో" అందట. ఆ పిల్ల మంచికే చెప్పింది. ఆ తర్వాత అమ్మ నాయనతో కలిసి గడప దాటడం మానేసింది. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ ఆయన ఒక్కడే పోయి వచ్చేవాడు. ఆ ఏడాదే మా అన్నకు పెళ్ళి కుదిరింది. అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, నాయనకు వినపడేటట్టే, "మీ నాయనకు చెప్పు, పెండ్లిలో ఆయప్ప పక్కన నేను నిలబడను. జనం ముందర ఆయప్పకు తల్లి మాదిరి కనపడల్లంటే నా చేత కాదు" అంది. ఆమె మాటంటే మాటే. కొడుకు పెళ్ళిలో తల్లి పందిట్లోకి రాకపోతే ఎంత అప్రదిష్టో మా అందరికీ తెలుసు, అందుకే ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

అనంతపురంలో ఆడవాళ్ళకు కొత్తగా పార్లర్ పెట్టారనీ, అక్కడ తలకు రంగు వేస్తారనీ నేను కాలేజీలో విన్న సంగతి నాయనకు చెప్పాను. ఆయనకు అది అవమానంగా తోచింది. "ఊరందరి పట్టుకూ రంగేసేవాణ్ణి, నా పెండ్లాం తలకు ఇంగొకరు ఎయ్యల్లనా?" అని, తానే అంగడికి పోయి పొడి పొట్లాలు కొనుక్కొచ్చాడు.

పెరట్లో అమ్మను పీట మీద కూర్చోబెట్టాడు. పొట్లం మీద ఏం రాసుందో చదివి చెబుతానన్నా వినలేదు. వెంట్రుకైనా పట్టుపోగైనా ఆయనకు ఒకటే. పోగుకు జిగురున్నట్టే జుట్టుకూ ఉంటుందని, అది వదలందే రంగు నిలవదని, బట్టల సోడా వేడినీళ్ళలో కలిపి అమ్మ తలంతా నానబెట్టి గట్టిగా రుద్దాడు. అమ్మ మండుతాండాదని మొత్తుకుంటే, "రవ్వంత ఓర్చుకో, జిగురు పోకుంటే రంగు యాడ పడుతుంది?" అన్నాడు. ఎర్రబారిన ఆ మాడు మీదే రంగు పట్టించాడు. నీళ్ళు మోసిచ్చింది నేనే, ఆ పాపంలో నాకూ వాటా ఉంది. రంగు మాత్రం అద్భుతంగా పట్టింది. కడిగి ఆరబెట్టాక నాయన నాలుగడుగులు వెనక్కి వేసి, చిలపను చూసినట్టు తల వాల్చి చూసి మురిసిపోయాడు.

మరునాటికి అమ్మ తలంతా బొబ్బలు, కళ్ళు వాచి మూసుకుపోయాయి. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడి వచ్చింది. ఆసుపత్రిలో డాక్టరు మందిచ్చి, మిగిలింది కూడా తీసేయక తప్పదన్నాడు. పెళ్ళికి నెలరోజులుంది. తల తెల్లగా ఉందని పందిట్లోకి రానన్న మనిషికి ఇప్పుడు జుట్టే లేకుండా పోయేలా ఉంది. నిండు ముత్తైదువకు ఊరికే జుట్టు తీయించారంటే పెళ్ళివారు ఏమనుకుంటారోనని మా మేనత్త ఏడ్చింది. నాయన మూడు రోజులు రంగు కాగు కింద పొయ్యి వెలిగించలేదు. ఆయన చేతులకు ఏ రంగూ లేకుండా చూడటం నాకు అదే మొదలు, భయమేసింది.

నాలుగోరోజు పొద్దున, కదిరి నరసింహస్వామికి మొక్కు ఉందని, పుండ్లు మానగానే ఇద్దరమూ పోయి తలనీలాలు ఇచ్చి వస్తామని అందరికీ చెప్పాడు. మా మేనత్త, "దానికైతే తప్పదు, నీకేమప్పా మొక్కు?" అంటే, "నాకూ ఉండాది" అన్నాడు. ఆ మొక్కు నిజంగా ఉందో లేదో నేనెప్పుడూ అడగలేదు. పెళ్ళికి వారం ముందు కదిరి నుంచి ఇద్దరూ నున్నటి గుండ్లతో, గంధం పూసుకుని దిగారు. ఆ గుండ్లతోనే పందిట్లో పక్కపక్కన నిలబడ్డారు. ఎంత భక్తిపరులో అని ఆడపెళ్ళివారు మెచ్చుకుంటుంటే, అమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

తర్వాత అమ్మకు తెల్లగానే మొలిచింది, నాయనకు నల్లగానే మొలిచింది. అమ్మ మళ్ళీ రంగు జోలికి పోలేదు, అయినా నాయనతో ఊరంతా తిరిగింది. నేను అడిగితే, "నా కోసరం గుండు గీయించుకున్నాడు గదా, ఇంగ కొడుకనుకున్నా మనవడనుకున్నా నాకేమి?" అంది. అరవై దాటాక ఒకరోజు నాయన తలకు నూనె రాస్తూ, చెవి పైన రెండు తెల్ల వెంట్రుకలు కనిపెట్టింది. ఆ పూట ఇంట్లో ఓళిగలు చేసింది. ఏం పండుగని అడిగిన వాళ్ళందరికీ నాయన తల వంచి చూపించింది.

ఇద్దరూ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఎవరికీ బొబ్బలు లేవు, మరకలు లేవు, అంతా పద్ధతిగా జరిగిపోతోంది, అది మంచిదే. మా ఆయన రెండు మూడు వారాలకోసారి ఎక్కడికో వెళ్ళి రంగు వేయించుకుని వస్తారు. నేనూ ఆయన ఇంట్లో లేని వేళ చూసుకునే ఆ పని కానిచ్చేదాన్ని. పెళ్ళినాడు ఎంత నల్లగా ఉందో ఆయన తల నేటికీ అంతే నల్లగా ఉంది. మొదటి వెంట్రుక ఏ పక్కన తెల్లబడిందో, అది ఏ సంవత్సరమో నాకు తెలియదు, నాది ఆయనకు తెలియదు. ముప్పై అయిదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటూ, ఒకరి తల నెరవడం ఒకరం చూడకుండానే ముసలివాళ్ళమైపోయాం.