కోచ్ ఆంటీ కర్రకు పసుపు

నా చిన్నప్పుడు అంటే మరీ రాతియుగమేమీ కాదు. మా నాన్న ఫోన్‌ను బెల్టుకు తగిలించుకుని ఆఫీసుకు వెళ్లే రోజులు. ఇండియాకు మాట్లాడాలంటే కాలింగ్ కార్డు మీద నంబరు గీకి చూసుకునే రోజులు. ఈ మాట చెబితే మా వీధి పిల్లలు నన్ను ముత్తవ్వను చూసినట్టు చూస్తారు. చూడనీండి, ఆంటీ అనిపించుకునే వయసు వచ్చాక ఆ మాత్రం తప్పదు.

అప్పుడు మేం వర్జీనియాలో, షాంటిలీలో ఉండేవాళ్లం. మా పక్కింట్లో ఒక అమెరికన్ ఆవిడ ఒక్కతే ఉండేది. పొట్టి మనిషి, తల ముగ్గుబుట్ట. ఆవిడ ఒక కాలేజీలో ఆడపిల్లల లాక్రోస్ జట్టుకు కోచ్. ఆ ఆట తెలియనివాళ్లకు ఒక్క ముక్కలో చెబుతాను. పొడుగాటి కర్ర, దాని కొసన తోలు పట్టీలతో అల్లిన చిన్న వల. బంతిని ఆ వలతోనే పట్టాలి, వలలో ఊపుకుంటూనే పరుగెత్తాలి, వలతోనే గోల్‌లోకి విసరాలి. ఆవిడ జట్లు ఎన్ని కప్పులు గెలిచాయో నాకు తెలియదు గానీ, క్రికెట్ తప్ప ఇంకేదీ ఆటే కాదనే మా నాన్న కూడా పేపర్లో ఆవిడ ఫోటో పడితే గుర్తుపట్టి అమ్మకు చూపించేవాడు. మేం ఆవిడను కోచ్ ఆంటీ అనేవాళ్లం.

నాకు పన్నెండేళ్లు. మా ఊరి పిల్లల జట్టులో చేరాలని పిచ్చి కోరిక. బంతి పట్టుకోవడం మాత్రం చచ్చినా వచ్చేది కాదు. గోడకేసి కొట్టిన బంతి తిరిగొచ్చి నా ముక్కుకే తగిలేది. ఆ వేసవిలో ఒకరోజు కోచ్ ఆంటీ కంచె మీదుగా కాసేపు నా అవస్థ చూసి, ఆదివారం సాయంత్రం తన పెరట్లోకి రమ్మంది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం వెళ్లేదాన్ని. ఆవిడకు విసుగు రాకూడదని అమ్మ నాతో డబ్బా నిండా పులిహోర పంపేది. అంత పెద్ద కోచ్ నాలాంటి దాని మీద జాలిపడి నేర్పుతోంది కదా, ఏ వారం ఇక చాలమ్మా అంటుందోనని నాకు లోపల ఒకటే బెంగ.

దసరాకు ముందు వారం ఆవిడ నాకు తన పాత చెక్క కర్ర ఇచ్చింది. చిన్నప్పుడు తను ఆడిన కర్ర అది, కోచ్ అయ్యాక ప్రతి జట్టుకూ మొదటి పాఠం దానితోనే చెప్పిందట. కాలేజీ వాళ్లు దాన్ని కప్పుల పక్కన అద్దాల బీరువాలో పెడతామని అడిగారట. వచ్చే ఆదివారం తీసుకెళ్తాను, అంతవరకూ నీ దగ్గర ఉంచుకో, మంచి కర్ర చేతిలో ఎలా ఉంటుందో తెలుస్తుంది అంది. నేను దాన్ని మంచం పక్కనే పెట్టుకుని పడుకున్నాను.

ఆ ఆదివారమే దసరా వచ్చింది. మా ఇంట్లో ఆయుధపూజ అంటే అమ్మవారి ముందు నాన్న ల్యాప్‌టాప్, రెండు కార్ల తాళాలు, వంటింటి కత్తి, మిక్సీ అన్నీ చేరాల్సిందే. ఇంత గొప్పావిడ ఆయుధం ఇంట్లో ఉండగా పూజ చేయకపోతే తప్పు కదా అనుకుంది మా అమ్మ. దానికేమో ఏళ్లనాటి మట్టి. అందుకని ముందురోజు రాత్రి నేను నిద్రపోయాక పసుపునీళ్లతో కర్రనూ వలనూ శుభ్రంగా కడిగి, వేడిగాలి వచ్చే హీటర్ దగ్గర ఆరబెట్టింది. పొద్దున్నే మూడు బొట్లు పెట్టి, బంతిపూలు దారంతో కట్టి అమ్మవారి ముందు నిలబెట్టింది. ఇదంతా నాకు దండం పెట్టుకోవడానికి వెళ్లేదాకా తెలియదు.

చూసి నిలువునా బిగుసుకుపోయాను. వల ముట్టుకుంటే తోలు పట్టీలు మామిడి ఒరుగుల్లా గట్టిపడి, మెలితిరిగి ఉన్నాయి. వేలితో నొక్కినా దిగలేదు. అంతలో తలుపు గంట మోగింది. వచ్చింది కోచ్ ఆంటీయే.

ఆవిడ గుమ్మంలోనే బూట్లు విప్పి లోపలికొచ్చింది. పట్టుచీరలో ఉన్న అమ్మ సంతోషంగా పూజ దగ్గరికి తీసుకెళ్లి, మనకు బతుకునిచ్చే పనిముట్లకు ఈ రోజు దండం పెట్టుకుంటామని ఇంగ్లీషులో చెప్పింది. కోచ్ ఆంటీ కర్రకేసి చూస్తూ నిలబడింది. నాకు ఏడుపు ఆగలేదు. “అమ్మా, తోలంతా ఎండిపోయింది” అన్నాను. అప్పుడు గానీ అమ్మ వంగి ముట్టుకుని చూడలేదు. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. “అయ్యో, పాడు చేశానా? అయామ్ సో సారీ. కడిగితే మంచిదనుకున్నాను” అంటూ రెండు భాషలూ కలిపేసింది. నాన్న ఆఫీసు గదిలోంచి వచ్చి, ఎక్కడ దొరికినా సరే అలాంటిదే కొనిస్తామన్నాడు. పాపం, ఆయనకు అంతకన్నా ఏం తోస్తుంది?

కోచ్ ఆంటీ నేలమీద కూర్చుని కత్తెర అడిగింది. పూలదారం తీయడానికేమో అనుకుని అమ్మ తెచ్చిచ్చింది. ఆవిడ కర్రను ఒళ్లో పెట్టుకుని, బొట్ల జోలికి పోకుండా, వలను పరపరా కత్తిరించడం మొదలుపెట్టింది.

అది ఆవిడ బతుకంతా చేతిలో ఉన్న కర్ర, బీరువాలో పెట్టబోయే కర్ర. మాకేమో పూజలో కూర్చోబెట్టిన వస్తువు, పైగా పండగపూట కత్తెర. మేం ఆవిడది పాడుచేశామా, ఆవిడ మాది చేస్తోందా అన్నది తెలియక అమ్మ గోడకానుకుని నిలబడిపోయింది. అంత కోపం వచ్చిందంటే నా ఆదివారాలు అయిపోయినట్టే అనుకున్నాను. ఒక్క పట్టీ మిగిల్చి, ఆవిడ కత్తెర నా చేతికిచ్చి కత్తిరించమంది. నావల్ల కాదన్నాను. అయినా కత్తెర వెనక్కి తీసుకోలేదు. ఏడుస్తూనే కత్తిరించాను.

అప్పుడు చెప్పింది. ఇంగ్లీషులో అన్నదాన్ని నాకు గుర్తున్నంతలో రాస్తున్నాను. ఈ తోలు పాతదేమీ కాదు, ఏటా మారుస్తాను, ఇందులో పాతది చెక్క ఒక్కటే అంది. కాలేజీ జట్టు కూడా అంతేనట. వేసవి రాగానే ఆరితేరిన పిల్లలు చదువు ముగించి వెళ్లిపోతారు. కప్పు గెలిచిన జట్టు మళ్లీ ఒక్కరోజు కూడా మైదానంలోకి దిగదు. శరత్కాలంలో కొత్తపిల్లలు వస్తారు, ఒకరి బంతి ఒకరు పట్టలేరు. అందుకే మొదటిరోజు అందరి చేతా, నిన్న కొన్న కర్ర అయినా సరే, వల కత్తిరింపించి వాళ్ల చేతులతోనే మళ్లీ కట్టిస్తుందట. జనం గెలిచానంటారు, నేను చేసిందల్లా ప్రతి ఏడూ మొదటినుంచి మొదలుపెట్టడమే అంది.

“మరి అంతమంది వెళ్లిపోతే మీకు బాధ ఉండదా?” అని అమ్మ అడిగింది.

“చాలా ఉంటుంది” అంది ఆవిడ. వచ్చే వేసవికి తనూ మానేస్తున్నానంది. ఆ సంగతి జట్టు పిల్లలకు కూడా ఇంకా చెప్పలేదట. ఇక నాకు కొత్తపిల్లలు రారు, అందుకే కాలేజీ వాళ్లు కర్రను బీరువాలో పెడతామన్నారు అని నవ్వబోయి నవ్వలేకపోయింది. కళ్లు తుడుచుకుని నావైపు తిరిగింది. “నీకు నేర్పడం నీకోసం అనుకుంటున్నావా? నాకు బంతి పట్టుకోవడం రాని పిల్ల ఒకటి కావాలి. లేకపోతే ఆదివారం ఏం చేయాలో నాకు తెలియదు.”

ఆ మాట విని నేను ఏడుపు కూడా మరిచిపోయాను. కత్తెర చూసినప్పటికన్నా పెద్ద అదిరిపాటు అది. పేపర్లో ఫోటోలు పడే మనిషి నా ముక్కుకు తగిలిన బంతులమీద ఆధారపడి ఉందా! జాలి అనుకుని ఇన్నాళ్లూ నేను సిగ్గుతో చచ్చిపోతుంటే, ఆవిడే నేను ఎక్కడ మానేస్తానోనని భయపడుతోందట. అమ్మ ఆవిడ పక్కన కూర్చుని, పెద్దముత్తయిదువకు పెట్టినట్టు చేతికి కాస్త పసుపు రాసింది.

ఆ కర్ర వల లేకుండానే, బొట్లతోనే బీరువాలోకి వెళ్లింది. అలాగే ఉంచమని కాలేజీ వాళ్లకు ఆవిడే చెప్పిందట. ఆ వసంతంలో ఊరి జట్టులోకి నన్ను తీసుకోలేదు. ఆ తర్వాతి ఏడు తీసుకున్నారు, కానీ ఎక్కువగా బెంచీ మీదే కూర్చున్నాను. ఆదివారాలు మాత్రం మేం ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ నడిచాయి.

ఈ వయసులో ఈత నేర్చుకుంటున్నాను. నీళ్లలో నా గిలగిల చూసి చిన్నపిల్లలు నవ్వుతారు. నేర్పే ముసలాయన, రిటైరైనవాడు, గట్టున నిలబడి నాకోసం ఎదురుచూస్తుంటాడు. నాకేమీ రాదండీ అని మొదటిరోజే ఆయనకు చెప్పేశాను. కోచ్ ఆంటీ మా ఇంట్లో నేలమీద కూర్చున్న ఆ రోజు నుంచీ ఆ మాట చెప్పడానికి నేను సిగ్గుపడింది లేదు. అది విని ఎవరి ప్రాణం లేచొస్తుందో మనకేం తెలుసు?