నూనెలో నానిన పికర్లు

మరమగ్గంలో పేకదారం మోసే నాడాను ఈ కొస నుంచి ఆ కొసకు కొట్టే ముక్కను పికర్ అంటారు. అప్పట్లో దాన్ని గేదెతోలుతో చేసేవారు. తోలు బదులు గాజుపోగులు కలిపిన ప్లాస్టిక్‌తో పోతపోయాలని ఎనభైల మొదట్లో తిరువళ్ళూరు దగ్గర మా పరిశోధనశాల పూనుకుంది. పాలికార్బనేట్ గుళికలు కరిగించి, గాజుపోగు పాళ్ళు మార్చి మార్చి పోసేవాళ్ళం. దెబ్బ పరీక్షలో, వేడి పరీక్షలో మా పికర్లు తోలుకన్నా బాగా నిలిచాయి. ఇక నిజమైన మగ్గం మీద చూడాలి. తిరుత్తణిలో మా బావకు మగ్గాలున్నాయి. నేనే తీసుకెళ్ళి ఇచ్చాను.

బావ ఒకదాన్ని గోటితో మీటి నవ్వాడు.

"ఏమప్పా బామ్మర్దీ, బర్రెకు పెన్షన్ ఇచ్చేసినారా?"

"ముందు ఒక మగ్గానికే వెయ్యి బావా. ఎట్లుండేది చూసి చెప్పు."

"సరి, సరి. విరిగితే మీ అక్కను కడతా మగ్గానికి."

"కడతావు, కడతావు," అంది అక్క లోపలి నుంచి. "రాండి, అన్నం తిందురు."

కొత్త పికర్‌ను నూనెలో నానబెట్టకుండా మగ్గానికెక్కించే ఇల్లు ఆ వీధిలో లేదు. తోలు నూనె పీల్చుకుంటేనే పగలకుండా ఉంటుంది. అలా నానబెట్టడం ఆడవాళ్ళ పని. మాది తాతల నాడే మగ్గం వదిలేసిన ఇల్లు. నాకా సంగతి తెలియదు, పరిశోధనశాలలో ఎవరికీ తెలియదు. నేను వచ్చేశాక అక్క మా పికర్లను వేరుసెనగ నూనె కుండలో వేసి మూత పెట్టింది.

మగ్గానికెక్కించిన కొన్నాళ్ళకు పికర్ పగిలింది. దారి తప్పిన నాడా ఎగిరి, దాని ఇనుప మొన బావ ఎడమ కంట్లో దిగింది. మద్రాసు ఆసుపత్రిలో కన్ను తీసేశారు.

పగిలిన ముక్కలకు నూనె జిడ్డు ఉంది. మా దగ్గర మిగిలిన రెండు పికర్లను వంచి బిగించి, ఒకదానికి మాత్రం నూనె రాశాను. రాసినదాని మూలల్లో వెంట్రుకల్లాంటి పగుళ్ళు లేచాయి. రెండోది చెక్కుచెదరలేదు.

ఆసుపత్రికి వెళ్ళాను. అక్క మందులకు వెళ్ళింది. నేను నోరు తెరవకముందే బావ అడిగాడు.

"నూనేనా?"

"అవును బావా."

"మీ అక్కతో అనొద్దురా. తెలిస్తే అన్నం మానేస్తాది."

మా అధికారి లెక్క వేరు. మగ్గంవాళ్ళు తప్పుగా వాడారని చెబితే పని సాగుతుందన్నాడు. "నూనె తగలని వస్తువు మగ్గం ఇంట్లో ఉండదు సార్. సరుకే ఆ ఇంటికి పనికిరాదు," అన్నాను. అక్క మీదికి రాకూడదని అన్న మాటే అయినా, ఆలోచిస్తే అది నిజమే. పికర్ల పని అంతటితో ఆపేశారు. నన్ను గోదాముకు మార్చారు.

తిరుత్తణి వెళ్ళినప్పుడు అక్క మొహం మీదే అడిగింది.

"అన్ని దినాలు నూనెలో పెట్టినా నిలవలేదంటే, ఏం పాడు సరుకురా మీది?"

"పాడు సరుకేనక్కా."

"దాన్ని తెచ్చి మా ఇంటికే ఇయ్యాల్నా?"

బావ తలవంచుకుని మగ్గానికి తోలు పికర్ బిగిస్తున్నాడు. ఎడమ పక్క పోగు తెగితే ఆయనకు ఇక కనబడదు. అప్పటి నుంచి మగ్గం ఆడినంతసేపూ అక్క ఆ పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది. పోగు తెగినప్పుడల్లా, మగ్గం మోతలో కూడా ఆయనకు వినబడేలా అరిచేది.