అపెండిక్సుకు కృతజ్ఞత కూటం

మగవాళ్ళ ముందరి తోలుకు కూడా ఒక రోగం ఉంటుందని పీహెచ్‌డీలో చేరేదాకా నాకు తెలియదు. అది నాకే వచ్చాక చెప్పుకోవడానికి నోరు రాలేదు. కాలు విరిగితే పట్టీ చూపించి జాలి సంపాదించుకోవచ్చు. దీన్ని ఎవరికి చూపిస్తాం?

ముందు తోలు కొస తెల్లబడింది. తర్వాత రబ్బరు బ్యాండు వేసినట్టు బిగుసుకుని వెనక్కి రావడం మానేసింది. మూత్రానికి పోతే మంట. హాస్టల్లో అందరితో వరసలో నిలబడలేక తలుపున్న గది కోసం కాచుకునేవాణ్ణి. "ఏందన్నా, కొత్త పెండ్లికూతురు లెక్క సిగ్గువడ్తున్నవ్" అనేవాడు రూమ్మేట్. నవ్వేసేవాణ్ణి గానీ వాడి పళ్ళు రాలగొట్టాలనిపించేది.

తార్నాక మెడికల్ షాపులో గజ్జి మందని అడిగి తెచ్చి పూస్తే ఇంకా మండింది. చివరికి చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన టార్చి వేసి చూసి, ఇది గజ్జీ కాదు, అంటురోగమూ కాదు, చర్మం గట్టిపడే జబ్బు అన్నాడు. స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాసిచ్చాడు. కొన్నాళ్ళు మెత్తబడింది, మళ్ళీ మొదటికొచ్చింది. ఇక తోలు తీసేయడమే అన్నాడు.

అంటే సున్నతి. చర్చిలో వాక్యం చదివేటప్పుడు ఆ మాట వస్తే మగపిల్లలం వెనక కూర్చుని ముసిముసిగా నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడది నా మీదికే వచ్చింది.

అమ్మ తార్నాకలోనే ఒకరింట్లో వంట చేస్తుంది. నాన్న పోయాక ఆమెకు నేనూ, ప్రార్థనా తప్ప ఏమీ లేవు. కడుపు కింద చిన్న ఆపరేషన్ అని చెప్పాను. "అపెండిక్సా?" అంది. ఊఁ అన్నాను. ఉపవాసాలు మొదలుపెట్టింది.

ఆపరేషన్ అయింది, కుట్లు మానాయి. లుంగీ వదిలి ప్యాంటు వేసుకున్న రోజు క్యాంపస్‌లో లైబ్రరీ దాకా నడిచాను. పీడ విరగడైందని నిజంగా నమ్మాను. అంత సంతోషం మళ్ళీ ఎరగను.

తర్వాత చెకప్‌లో డాక్టరు చాలాసేపు చూశాడు. "ధార ఎట్లొస్తున్నది?" అని అడిగాడు. సన్నగా, పక్కకు చీలి వస్తోందన్నాను. మూత్రం వచ్చే రంధ్రం అంచున మళ్ళీ తెల్లమచ్చ వచ్చిందట. "తోలు తీసినా కొందరికి ఇది ఆగదు. రంధ్రం మూసుకుపోకుంట చూస్కోవాలె. మానని పుండో గడ్డో కనవడితే వెంటనే రావాలె. అరుదే గానీ, క్యాన్సర్ అయ్యే అవకాశం ఉన్నది."

ఎన్నాళ్ళు రావాలి సార్ అన్నాను.

"వస్తనే ఉండాలె" అన్నాడు. మంచి మనిషి, నా ముఖం చూడలేకపోయాడు.

ఆ సాయంత్రమే అమ్మ ఫోన్ చేసి, ఆదివారం కృతజ్ఞత కూటం పెట్టానంది. మావాళ్ళలో జబ్బు నయమైతే చర్చి సంఘాన్ని ఇంటికి పిలుస్తారు. నయమైనవాడు లేచి నిలబడి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలి. ఆపుదామంటే అప్పటికే పాస్టరుగారికి చెప్పేసింది.

సంఘంవాళ్ళు రామంతాపూర్ నుంచి కూడా వచ్చారు. అమ్మ ఉండే ఒక్క గదిలో చాపల మీద ఇరుక్కుని కూర్చున్నారు. బగారా అన్నం వాసన వస్తోంది. పాస్టరుగారు నన్ను లేపారు. అందరూ నా కడుపు వైపు చూశారు. "దేవుడు నన్ను సంపూర్ణంగా స్వస్థపరిచిండు" అన్నాను. ఆమెన్ అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆనందబాష్పాలనుకుని అమ్మ కూడా ఏడ్చింది.

అందరూ వెళ్ళాక గిన్నెలు కడుగుతూ అంది, "ఇంక గా దవాఖాన మొకం చూడకు బిడ్డా. సంఘం ముంగట సాక్ష్యం చెప్పినవ్. మళ్ళ పోతే దేవుని మీద నమ్మకం లేనట్టే. చేసిన మేలు ఆయన వాపస్ తీస్కుంటడు."

సరేనమ్మా అన్నాను. చేతులు తుడుచుకుని బైబిల్ తెచ్చి, "దీని మీద చెయ్యి వెట్టి చెప్పు" అంది. పెట్టి చెప్పాను.

చెకప్‌లకు దొంగలా పోయి వస్తూనే ఉన్నాను. ధార ఇంకా సన్నబడింది. అమ్మ మాత్రం రోగంతో మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, ధైర్యం చెప్పడానికి నా సాక్ష్యమే వినిపిస్తోంది.